ఇంజను దీపము వెలిగినప్పుడు

నేడు మన సోదరీమణులలో ననేకులు కారును స్వయముగా నడుపుకొనుచున్నారు. పిల్లలను బడికి జేర్చుటకును, పెద్దలను వైద్యునికడకు గొనిపోవుటకును అది యింటి పనిముట్లలో నొకటియై పోయినది. అయినను ఎదుటి పలకపై ఇంజను బొమ్మగల దీపము వెలిగిన తోడనే మనము కారును మరమ్మతుశాలలో విడిచి, వారడిగిన సొమ్ము చెల్లించి వచ్చుచున్నాము. ఆ దీపము చెప్పు వార్త కొంత తెలిసికొన్నచో అనవసరవ్యయము తప్పును. ఇది పెట్రోలు కార్ల మాట.

పెట్రోలు మండుటకు గాలి కావలెను. తూకమున నొక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి యున్నచో దహనము సమముగా నుండును. గాలి హెచ్చిన మిశ్రమము పలుచనగును, తగ్గిన చిక్కనగును. మండగా మిగిలిన ప్రాణవాయువును పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు కనిపెట్టి కంప్యూటరునకు దెలుపును. 1976 లో వోల్వో కార్లతో వాడుకలోనికి వచ్చిన సాధనమిది. ఆ వార్త ననుసరించి కంప్యూటరు పెట్రోలును హెచ్చించును, లేదా తగ్గించును. ఈ సవరణకే ఫ్యూయెల్ ట్రిమ్ అని పేరు. దీనిని నూటికింత యని లెక్కింతురు. హెచ్చించినది ధనసంఖ్య, తగ్గించినది ఋణసంఖ్య. అప్పటికప్పుడు చేయు సవరణ యొకటి, అలవాటుగా నిలిచిన సవరణ యొకటి. రెంటిని గూడి చూడవలెను. మొత్తము 10 కి లోబడి యున్న సాధారణముగా భయము లేదు.

విందును ఉపమానముగా గొన్న నిది సులభముగా బోధపడును. వీధివాకిట నొకరు కూర్చుండి అతిథులను లెక్కించి వంటశాలకు గబురు పంపుచున్నారనుకొందము. గాలి త్రోవలోని ఎయిర్ ఫ్లో సెన్సారు అట్టి లెక్కరి. ఇంతలో కొందఱు పెరటి తలుపున జొరబడి బంతిలో గూర్చుండిరి. వారు లెక్కకు రాలేదు. కాన అన్నము చాలదు. విస్తళ్లను జూచుచున్న పెద్దామె “చాలలేదు, మఱికొంత వండుడు” అని కేకవేయును. ఆమెయే ఆక్సిజన్ సెన్సారు. పగిలిన గొట్టమునుండి లోనికి బోవు దొంగగాలియే పెరటిదారి అతిథులు. 20 మంది విందులో అట్టివారు నలుగురు చేరిన లోటు పెద్దది; 200 మంది విందులో ఆ లోటు కానరాదు.

రోగనిర్ణయమునకు కీలక మిదియే. కారు నిలిచి ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు సవరణ నూటికి 18 ఉండి, నిమిషమునకు 2500 చుట్లు తిరుగునప్పుడు 4 కు దిగెనేని దొంగగాలిని అనుమానింపవలెను. వేగముతోను బరువుతోను సవరణ పెరిగినచో పెట్రోలు పంపు బలహీనపడుట, ఫిల్టరు పూడుట, గాలిలెక్కరికి మురికి పట్టుట మొదలగునవి కారణములు. ఋణసంఖ్య మిక్కిలి యైనచో పెట్రోలు ఎక్కడనో అధికముగా బడుచున్నది. కొన్ని కార్లలో గాలిలెక్కరికి మాఱుగా ఒత్తిడిని గొలుచు సెన్సారుండును. అట్టివానిలో సవరణ యంతగా పెరుగక, నిలిచియున్నప్పటి ఇంజను వేగము మాత్రము హెచ్చవచ్చును.

దొంగగాలి దూరు తావులు కొన్ని గలవు: ఎండకు బీటలువారిన రబ్బరు గొట్టములు, వదులైన బిగింపులు, బ్రేకునకు సాయపడు గొట్టము, ఇంజను అతుకులలోని గాస్కెట్టు. ఒక్కొక్కప్పుడు బుస్సుమను చప్పుడు వినవచ్చును. ఇంజను నాపి గాలిదారిలోనికి బొగ పంపి, అది వెలువడు చోటు చూచుట నమ్మదగిన పరీక్ష. వేడి ఇంజనుపై మండు ద్రవములు చల్లి చూచుట ప్రమాదము. మన మట్టిపని చేయరాదు.

మా బంధువుల యింట నొక మరమ్మతుశాలవారు ఆక్సిజన్ సెన్సారును మార్చి సొమ్ము గైకొనిరి. పక్షము తిరుగకుండ దీపము మరల వెలిగినది. వేఱొక మెకానిక్కు చూడగా గాలిగొట్టపు మడతలో సన్నని చీలిక కనబడినది. గాలి హెచ్చెనని సెన్సారు నిజమే చెప్పినది. శిక్ష దానికే పడినది! దూతను వధింపరాదని విభీషణుడు రావణునకు జెప్పిన నీతి ఇక్కడను వర్తించును. సెన్సారు చెడదని కాదు. పరీక్షింపక దానిని నిందింపరాదు.

కావున సోదరీమణులారా! పి 0171 అను సంకేతము వచ్చెనని విన్నచో “మిశ్రమము పలుచనైనది” అని మాత్రమే దాని యర్థమని యెఱుగుడు. ఏ భాగము మార్చవలెనో అది చెప్పదు. మార్చుటకు ముందు, ఇంజను మెల్లగా తిరుగునప్పుడును, వేగముగా తిరుగునప్పుడును స్కానరు చూపిన సంఖ్యల నడిగి కాగితముపై వ్రాసికొనుడు. మరమ్మతైన పిమ్మట మరల చూపుమనుడు. సంఖ్య దిగిన రోగము కుదిరినట్లు. దీపము మిణుకుమిణుకుమని వెలిగి యాఱుచుండిన మాత్రము ఆలసింపక కారు నాపుడు. లేనిచో పొగను శుద్ధిచేయు ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టరు పాడగును. మూసిన కొట్టములో ఇంజనును నడుపకుడు. ఆ పొగ ప్రాణాంతకము. తిరుగు యంత్రముకడ పమిటచెంగును భద్రముగా దోపుకొనుడు. అంగడిలో త్రాసుముల్లు చూడక సరకు గొనని మనము ఇక్కడ మాత్ర మడుగుటకు సంకోచింపనేల?