చిత్రముల పుట్టుపూర్వోత్తరములు



ఎడ్లబండి ఒక్కటే యైనను ప్రత్తి తోలునాడు దానిచుట్టును తడికలు కట్టుదురు. కంప్యూటరులో ఇంటర్నెట్టును చూపు బ్రౌజరునకును అట్లే పైనుండి తగిలించు చిన్న పనిముట్లు కలవు. వానిని ఎక్స్‌టెన్షనులందురు. అందు రెండు జాతులను గూర్చి సత్తెనపల్లి ప్రాంతపు పెద్దలకు మనవి చేయదలచితిని. ఒకటి చిత్రము పుట్టుక వెదకునది. రెండవది వెబ్ పుటలు నిర్మించువారికి తోడ్పడునది.

2018వ సంవత్సరమున పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవని ఫోనులలో వదంతులు వ్యాపించి, దేశమున పలుచోట్ల నిరపరాధులు ప్రాణములు గోల్పోయిరి. నాడు తిరిగిన వీడియోలలో నొకటి నిజమునకు కరాచీ నగరమున పిల్లల రక్షణకై తీసిన ప్రచారచిత్రము. చివరనున్న హెచ్చరికను ఎవరో కత్తిరించి పంపిరి. ఇట్టి వీడియోను విడివిడి చిత్రములుగా చీల్చి, వాని మూలము వెదకించు ఇన్‌విడ్ అను ఎక్స్‌టెన్షను 2017లోనే వెలువడినది. అయినను, ఆ సంగతి మన రచ్చబండకు చేరలేదు!

చిత్రమునకు టిన్‌ఐ మేలు. కెనడా దేశపు టొరంటోలోని సంస్థ యొకటి 2008లో దీనిని ప్రారంభించినది. ఇది పోలికగల చిత్రమును గాక అదే చిత్రమును, కత్తిరించినను రంగు మార్చినను, పట్టియిచ్చును. కోరినచో అన్నిటికంటె పాతదానిని ముందుంచును. నిన్నటి వరద యని వచ్చిన చిత్రము మూడేండ్లనాడే కనబడినచో అబద్ధము తేలినట్లే. కాని ఏమియు దొరకనంతమాత్రమున అది నిజమని తలపరాదు.

గూగుల్ లెన్స్ దారి వేరు. ఎఱ్ఱని మిరపకాయల రాశిని చూపినచో ఎక్కడెక్కడి రాశులనో తెచ్చి పోయును. పురుగు పేరు తెలిసికొనుటకు కొంత యుపకరించును గాని, దానిని నమ్మి మందు కొనుట నాకు సమ్మతము గాదు.

ఇక రెండవ జాతి. క్రిస్ పెడెరిక్ నిర్మించిన వెబ్ డెవలపర్ అనునది పుటలోని అంగములను విప్పి చూపును. 2006లో వచ్చిన ఫైర్‌బగ్ ఈ విద్యలో పేరు మోసి, దాని పనులు బ్రౌజరులలోనే చేరిపోవుటచే 2017లో విరమించినది. ఇట్టి సాధనములతో తెరపైని అక్షరములను, అంకెలను ఎవరైనను తమ కంప్యూటరులో మార్చి చూచుకొనవచ్చును. పని చేయువారికి అది సౌకర్యమే. దురాలోచన గలవాడు గుంటూరు మిర్చి యార్డు క్వింటాలు ధరను అట్లే తన తెరపై మార్చి, ఫోటో తీసి పంపినచో? అది క్రొత్తగా పుట్టిన చిత్రము గనుక టిన్‌ఐకి చిక్కదు. ధర చెప్పిన పుటను స్వయముగా తెరచి చూచుటయే దానికి మందు.

తగిలించుకొనుటకు ముందు ఎక్స్‌టెన్షను ఒక అనుమతి కోరును. మీరు చూచు అన్ని పుటలను చదువుటకు, మార్చుటకు అధికారమడుగునవి పెక్కు గలవు. ఆ వాక్యమును మనుమనిచేత పైకి చదివించుడు. బ్యాంకు లెక్కలు చూచు బ్రౌజరులో వానిని ఉంచక, వేరొక బ్రౌజరులో నుంచుడు. కంప్యూటరు లేనివారు ఫోనులోనే టిన్‌ఐ పుట తెరచి చిత్రము నీయవచ్చును. దానికి ఏ ఎక్స్‌టెన్షనును అక్కరలేదు.