కారులో పెట్రోలు వాసన

వంటయింట గ్యాసు వాసన సోకినంతనే పొయ్యి యార్పి, సిలిండరు కట్టి, కిటికీలు తెఱచు మనము, కారులో పెట్రోలు వాసన వచ్చినపుడు మాత్రము కొంగు ముక్కున కడ్డము పెట్టుకొని యూరకుందుము. యంత్రముల సంగతి మగవారిదని మన తలంపు. నేనును అట్లే యూరకుండి, ఒక దసరానాడు గొప్ప యాపద యంచువఱకు పోయి వచ్చితిని. ఆ యనుభవమును మీతో చెప్పుకొనుటకే యీ నాలుగు మాటలు.

మావారు బడిపంతులు. కొంతకాలము క్రిందట పాతకారు నొకదానిని కొనిరి. ట్యాంకులోనుండి పెట్రోలును ఇంజనునకు పంపు మోటారు వేసవిలో చెడిపోగా, ఒక షెడ్డులో క్రొత్తది వేయించిరి. నాటినుండి వెనుక సీటున కూర్చుండు నాకును పిల్లలకును పెట్రోలు వాసన తగులుచుండెను. చిన్నదానికి తలనొప్పి, వాంతులు. మావారితో చెప్పగా, "నాకేమియు వాసన రాదే! కారన్నపిమ్మట ఆ మాత్ర ముండదా?" యనిరి. వారు పలికినది అసత్యము కాదు. వారు ముందు సీటున కిటికీ తెఱచి కూర్చుందురు. అదియునుగాక, నిత్యము సోకు వాసనకు ముక్కు అలవాటుపడి దానిని గుర్తింపకుండును. వాసన తగ్గినట్లు తోచుట ముక్కు అలసటయే కాని, ఆవిరి తగ్గుట కాదు. నేనో, పరిమళపు సీసా నొకదానిని తెచ్చి కారులో వ్రేలాడగట్టితిని. పుండుమీద పట్టుగుడ్డ కప్పినట్లయినది.

దసరానాడు ఉదయమున మావారు ట్యాంకు నిండ పెట్రోలు పోయించి, కారును వాకిట నిలిపిరి. కుంకుమ బొట్లు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి, పిల్లలను కూర్చుండబెట్టుటకై వెనుక తలుపు తెఱచితిని. వాసన గుప్పున ముఖమునకు కొట్టెను. నా చేత హారతి పళ్లెము, అందులో కర్పూరము, ప్రక్కన అగ్గిపెట్టె! పిల్లలను దూరముగా పంపి, "ఈ పూట హారతి లేదు" అంటిని. అత్తగారు అపశకున మనిరి. అయినను నేను వెలిగింపలేదు.

ఏల యనగా, పెట్రోలులో అంటుకొనునది ద్రవము కాదు, దాని యావిరి. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సహితము ఆ యావిరి నిప్పంటుకొనునంతగా పుట్టును. గాలిలో నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాళ్లున్న చాలును. అది గాలికంటె బరువగుటచే నేలబారుగా ప్రాకి, దూరముననున్న తులసికోట దీపమునైనను చేరగలదు. పెట్రోలులో కొంచెముగానుండు బెంజీను పుట్టకుఱుపు కలిగించు పదార్థము. కావున పిల్లలు దానిని దినదినము పీల్చుట ఎంతమాత్రము తగదు.

వాసనకు మూలము కనుగొనుటకు రెండు ప్రశ్నలు చాలును: ఎప్పుడు? ఎక్కడ? పెట్రోలు పోయించిన పిదప కొంతసేపే వచ్చినచో, బంకువద్ద చిందినదో, మూత బిగియలేదో, మూతలోని రబ్బరు పగిలినదో చూడవలెను. బంకులోని గొట్టము తానుగా ఆగినపిమ్మట ఇంకను పోయుమనరాదు. ఆవిరిని పట్టి యుంచు బొగ్గు డబ్బాలోనికి పెట్రోలు దిగి అది చెడును. బానెట్టువద్ద వాసన వచ్చినచో రబ్బరు గొట్టములను చూపవలెను. 2025 నాటికి మనదేశపు పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్లకు చేరినది. పాత కార్ల రబ్బరు దానికి తాళక చెడవచ్చును. కార్బురేటరుగల పాత కారైనచో అది పొంగుచున్నదేమో చూపవలెను. ఇవేవియు కాక, డిక్కీలో మఱచిన డబ్బాయు కారణము కావచ్చును.

మా కారు సంగతి తలపోయగా, వాసన వెనుక సీటుననే వచ్చుచుండెను. ట్యాంకు నిండిననాడు హెచ్చి, పెట్రోలు తఱిగినకొలది తగ్గుచుండెను. ఈ రెండు ముక్కలు చెప్పగానే, ఇంటికి పిలిపించిన వేఱొక మెకానిక్కు "మోటారు మూత చూతమమ్మా" అనెను. కారును నడుపక ఆరుబయటికి త్రోయించి, బ్యాటరీ తీగ విప్పి, వెనుక సీటు నెత్తెను. మోటారును ట్యాంకునకు బిగించినచోట తడి! వేసవిలో క్రొత్త మోటారు వేసినవారు, చుట్టునుండు రబ్బరు వలయమును మాత్రము పాతదే యుంచిరి. అది సాగి, నలిగి, ఒకవైపు మడతపడి యుండెను. క్రొత్త వలయము వేసి, మూతను సరిగా బిగించి, ట్యాంకు నిండుగానున్నపుడే ఇంజను నడిపి తడి లేదని చూపెను. అంతటితో వాసనయు, చిన్నదాని వాంతులును మానినవి.

అక్కలారా, చెల్లెండ్రారా! వాసన గట్టిగా నున్నపుడుగాని, కారు క్రింద చుక్కలు కనబడినపుడుగాని ఇంజను నడుపరాదు, అగ్గిపుల్లతో వెదుకరాదు, నోటితో గొట్టము పీల్చరాదు. నిప్పంటుకొన్నచో నీళ్లు చల్లరాదు. పెట్రోలు నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. అందఱును దూరముగా తొలగి అగ్నిమాపకదళమును పిలువవలెను. మరమ్మతు మెకానిక్కు పని. గుర్తించుట మన పని. పోపు మాడుట పొరుగింటినుండియే కనిపెట్టు మన ముక్కు, ఇచ్చట మాత్రము పొరబడునా? మగవారికి వాసన రాకున్నను, మీకు వచ్చినచో వచ్చినదనియే చెప్పుడు.

మఱునాడు సాయంకాలము మా కారునకు హారతి యిచ్చితిమి. పళ్లెము పట్టినది అత్తగారే. వెలిగించుటకు ముందు వెనుక తలుపు తెఱచి వాసన చూచినదియు వారే.