ఏడుగురు కలిస్తే లెక్క సరిపోతుంది

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. అంటే దాదాపు రెండు ఎకరాల పందొమ్మిది గుంటలు. వంద కమతాల్లో 88 చిన్న, సన్నకారు రైతులవే. ఇంత చిన్న పొలంలో మందు కొట్టకుండా పండించిన బియ్యానికి సర్టిఫికెట్ కావాలంటే తనిఖీ సంస్థను ఒక్కడే రప్పించుకోవడం రైతుకు గిట్టుబాటు కాదు. పొలం చిన్నదని ఇన్‌స్పెక్టర్ రానుపోను ఖర్చు తగ్గదు.

ఆ ఇబ్బందికి జవాబు భాగస్వామ్య హామీ పద్ధతి, అందరూ పిలిచే పేరు పీజీఎస్. రైతులే గ్రూపు కడతారు, ఒకరి పొలం ఒకరు చూసి సేంద్రియమని హామీ ఇస్తారు. 2004లో బ్రెజిల్‌లోని టోరెస్‌లో ఇలాంటి ప్రత్యామ్నాయ ధ్రువీకరణలపై అంతర్జాతీయ సమావేశం జరిగింది. మనకూ ఇది కొత్త కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు తమ చెలకలకు ఈ దారిలోనే హామీ ఇచ్చుకున్నారు. కేంద్ర వ్యవసాయ శాఖ పీజీఎస్-ఇండియా 2011లో మొదలైంది.

దాని నియమాలు చిన్నవే. గ్రూపులో కనీసం ఐదుగురుండాలి. ప్రతి పొలాన్ని కనీసం ముగ్గురు చూడాలి. నీ పొలం నేను చూస్తే, నా పొలం నువ్వు చూడకూడదు. అసలు కాపలా ఈ మూడోదే. ‘నాది బాగుందని నువ్వు రాయి, నీది నేను రాస్తా’ అనే ఒప్పందానికి అది చోటివ్వదు.

ఇప్పుడు లెక్క వేయండి. ఐదు పొలాలకు ముగ్గురేసి చొప్పున 15 తనిఖీలు కావాలి. ఐదుగురిలో జతలు పదే. జతకు ఒక వైపే తనిఖీ కాబట్టి ఐదు తక్కువ పడతాయి. ఆరుగురైతే 15 జతలు, కావాల్సినవి 18. ఏడుగురైతే 21 జతలు, 21 తనిఖీలు. అంతకన్నా చిన్న గ్రూపు పక్క గ్రూపు వాళ్లను పిలవక తప్పదు. ఏడుగురున్నా పిలవాలంటాను. వియ్యాలు, చేబదుళ్లు ఉన్న ఊళ్లో తప్పును తప్పని చెప్పడానికి బయటి కళ్లు కావాలి.

కాగితం అందరికీ తప్పనిసరి కాదు. 2017 నాటి ఆహార భద్రత నిబంధనల కింద ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న రైతు వినియోగదారుకు నేరుగా అమ్ముకుంటే సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేసుకోకూడదు.

సర్టిఫికెట్ చెప్పేది అవును, కాదు అనే రెండు మాటలే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో తెచ్చిన ‘టేప్’ అనే కొలమానం ఇంకా లోతుకు వెళ్తుంది. పంటల వైవిధ్యం, ఎరువు తిరిగి మట్టికి చేరడం, రైతుల మధ్య తెలివిడి పంచుకోవడం వంటి పది అంశాలను 36 ప్రశ్నలుగా విడగొట్టి, ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తుంది. మందు మానేసి వరి ఒక్కటే వేసే రైతుకు సర్టిఫికెట్ రావచ్చు, ఇక్కడ మాత్రం పంటల వైవిధ్యంలో మార్కులు పడవు. ఒకే చెలకలో జొన్న, కంది, అనుములు, నువ్వులు కలిపి వేసే జహీరాబాద్ మహిళకు పడతాయి. గ్రూపు ఏటా ఈ మార్కులు కూడా వేసుకుంటే ఎవరు ఎక్కడ వెనకబడ్డారో తెలుస్తుంది.

జహీరాబాద్ చెలకల్లా కాకుండా, నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే మేళ్లచెరువు వైపు చిక్కు వేరు. సిమెంటు ఫ్యాక్టరీల ఊరుగా పేరుపడ్డ ఈ మండలంలో వరి పొలాలూ ఉన్నాయి. వరి మళ్లలో నీళ్లు మడి నుంచి మడికి దిగుతాయి. పై రైతు యూరియా చల్లితే, గుళికలు వేస్తే మందు వాడనన్న కింది రైతు మాట నీళ్లపాలే. గట్టు ఎంత పెంచినా వచ్చే నీరు ఆగదు. కాబట్టి ఇక్కడ గ్రూపును కులం చూసో, చుట్టరికం చూసో కట్టకూడదు, తూము చూసి కట్టాలి. ఒకే తూము కింద వరసగా ఉన్న ఏడు సగటు కమతాలు కలిపితే దాదాపు 17 ఎకరాల 12 గుంటలు. ఆ ఏడుగురూ ఒక్క మాట మీదుంటే మడి నుంచి మడికి మందు దిగే దారి మూసుకుంటుంది. తూముకు పైన, కాలువలోనే కలిసి వచ్చేదాన్ని ఆపడం ఏ గ్రూపు తరమూ కాదు. ఆ నీటి పరీక్ష ఖర్చు రైతుల మీద వేయకుండా ప్రభుత్వమే భరించాలి.