బండి కదలని వేళ: పల్లెకొక జంప్ స్టార్టరు

నేడు మన పల్లెలలో మోటారు బండి విలాస వస్తువు కాదు. ప్రసవవేదన పడుచున్న తల్లిని, పాము కరచిన రైతును ఆసుపత్రికి చేర్చుటకు 108 వాహనము వచ్చులోపల ఊరిలోని కారో, ఆటోయో ఆదుకొనుచున్నది. అట్టి వేళ తాళపుచెవి త్రిప్పగా ఇంజను తిరుగక, 'టకటక' మను చప్పుడు మాత్రమే వినవచ్చినచో ఏమి చేయవలెను? అర్ధరాత్రి మెకానికు దొరకడు. బండిని నెట్టుదమన్నను చీకటి రోడ్డుపై అది ప్రమాదము. గేర్లు తామే మారెడి కార్లు నెట్టినను కదలవు. ఇట్టి సమయమున అక్కరకు వచ్చు చిన్న సాధనమే జంప్ స్టార్టరు. దానిని గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములను ఇచట వివరించుచున్నాము.

బ్యాటరీ ఏల దిగిపోవును?

ఏ ఇంజనునైనను మొదట బయటి శక్తి యేదో త్రిప్పవలెను. పూర్వము బండి ముందు హ్యాండిలు పెట్టి మనిషియే త్రిప్పెడివాడు. 1912 లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చిరి. ఆ పద్ధతి వ్యాపించిన కొలది ఆ భారము మనిషి చేతినుండి బ్యాటరీమీదికి మారినది.

కారు బ్యాటరీలో సీసపు పలకలు, గంధకికామ్లము గల ఆరు గదులుండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము పైగా నిచ్చును. నిండుగా చార్జి అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. అది 12 వోల్టులకు దిగినదనగా శక్తి చాలవరకు ఖర్చయినదని గ్రహింపవలెను. హెడ్‌లైటు బల్బు ఒకటి సుమారు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసికొనును. స్టార్టరు మోటారో, ఆ కొద్ది క్షణములలో నూరు ఆంపియర్లకు పైగా కోరును. కావుననే దీపము వెలుగుచున్నను ఇంజను తిరుగకపోవచ్చును.

రాత్రి లైటు ఆర్పుట మరచుట, బండిని వారములతరబడి కదలింపకుండుట, టెర్మినళ్లపై తెల్లని పొడి పేరుకొనుట, ఇవి బ్యాటరీ దిగుటకు సామాన్య కారణములు. ఎండ మరొక శత్రువు. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవి వేడిమికి బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరిగిపోవును.

ఈ సాధన మెట్టిది?

జంప్ స్టార్టరు పెద్ద పుస్తకమంత పెట్టె. చేతిసంచిలో ఇముడును. సెల్‌ఫోనులలో వాడు లిథియం జాతి బ్యాటరీయే దీనిలోను ఉండును. ఈ జాతి బ్యాటరీలు 1991 లో జపానులో మొదట అమ్మకమునకు వచ్చినవి. పెట్టెకు ఎఱ్ఱని, నల్లని క్లిప్పులు రెండుండును. వట్టి తీగలతో స్టార్టు చేయుటకు మరియొక బండి కావలెను, దీనికి అక్కరలేదు. ఒంటరి బాటపై దీని విలువ అందుననే యున్నది.

కొనునపుడు పెట్టెపై పెద్ద అక్షరములతో ముద్రించిన ఆంపియర్లను చూచి మోసపోరాదు. అవి క్షణకాలము మాత్రమే వచ్చు శక్తిని తెలుపు అంకెలు. ఎంత పరిమాణముగల పెట్రోలు ఇంజనుకు, ఎంత పరిమాణముగల డీజిలు ఇంజనుకు సరిపోవునో వేర్వేరుగా వ్రాసియున్నదా యని చూడవలెను. డీజిలు ఇంజనును త్రిప్పుటకు ఎక్కువ శక్తి కావలెను. క్లిప్పులు తారుమారైనచో విద్యుత్తును ఆపివేయు రక్షణ యుండుట మేలు. పెద్ద లారీలు, బస్సులు సాధారణముగా 24 వోల్టులవి. వాటికి 12 వోల్టుల పెట్టెను తగిలింపరాదు.

వాడు విధానము

1. బండిని న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, తాళపుచెవిని, దీపములను కట్టివేయవలెను.

2. బ్యాటరీ పగిలియున్నను, ఉబ్బియున్నను, కారుచున్నను ప్రయత్నమును మానుకొనవలెను.

3. ఎఱ్ఱ క్లిప్పును కూడిక గుర్తుగల టెర్మినలుకు మొదట తగిలింపవలెను. పిదప నల్ల క్లిప్పును, పెట్టెతో వచ్చిన పుస్తకములో చెప్పిన చోట తగిలింపవలెను. సాధారణముగా అది బ్యాటరీకి దూరముగా, ఇంజనుపై రంగులేని లోహభాగము. బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడుచుండును. దానిచెంత నిప్పురవ్వ లేచినచో పేలుడు సంభవింపవచ్చును. బీడీ, అగ్గిపుల్ల ఆ దరిదాపులకు రాకూడదు.

4. పెట్టెను పనిచేయించి, తాళపుచెవిని ఐదు సెకనులకు మించకుండ త్రిప్పవలెను. ఇంజను అందుకొననిచో కొంతసేపు ఆగి మరల ప్రయత్నింపవలెను.

5. ఇంజను నడచినంతనే నల్ల క్లిప్పును ముందు, ఎఱ్ఱ క్లిప్పును పిదప తీయవలెను. రెండును ఒకదానినొకటి తాకరాదు. గమ్యము చేరువరకు ఇంజనును ఆపకుండుట మంచిది.

దీపములు కాంతివంతముగా వెలుగుచు, ఇంజను చురుకుగా తిరుగుచును అందుకొననిచో లోపము బ్యాటరీలో లేదు. డీజిలో, పెట్రోలో అయిపోయి యుండవచ్చును. అట్టిచోట ఈ సాధనము పనికిరాదు.

ట్రాక్టరు విషయమున హెచ్చరిక

తెలంగాణములో పల్లెప్రగతి క్రింద 2019 నుండి గ్రామ పంచాయతీలు చెత్త సేకరణకు, మొక్కలకు నీరు పోయుటకు ట్రాక్టర్లను సమకూర్చుకొన్నవి. ఉదయమున ట్రాక్టరు మొరాయించినచో కొందరు క్రింద నిలిచి స్క్రూడ్రైవరుతో స్టార్టరు టెర్మినళ్లను కలుపుదురు. ఇది ప్రాణాంతకము. గేరులో నున్న ట్రాక్టరు ఒక్కసారిగా ఉరికి, పెద్ద చక్రము ఆ మనిషిమీదికే ఎక్కును. డ్రైవరు సీటులో కూర్చుండి తాళపుచెవితోనే స్టార్టు చేయవలెనని పంచాయతీ గట్టిగా శాసింపవలెను. ట్రాక్టరు ఇంజనుకు తగిన శక్తిగల జంప్ స్టార్టరు చేతికందినచో ఈ సాహసమునకు అవసరమే యుండదు.

పంచాయతీ చేయదగినది

ప్రతి ఇంటివారును దీనిని కొననక్కరలేదు. ఊరికొకటి చాలును. నిధుల నిబంధనలను కార్యదర్శితో సంప్రదించి సభలో తీర్మానించుకొనవచ్చును. లేదా బండ్ల యజమానులే తలాకొంత వేసికొని కొనవచ్చును. అయితే కొనుటతో పని తీరదు. బీరువాలో ఏడాదిపాటు పడియున్న పెట్టె అవసరము వచ్చిననాడు తానే ఖాళీయై యుండును. అందుచే మూడు ఏర్పాట్లు ముఖ్యము.

మొదటిది: రాత్రివేళ కూడ తలుపు తట్టిన పలుకు మనిషి ఇంట దానిని ఉంచి, ఆ ఇల్లు డ్రైవర్లందరికి తెలియజేయవలెను. రెండవది: వాడిన వెంటనే, వాడకున్నను మూడు నెలలకొకసారి చార్జి చేసి, తేదీని పుస్తకములో వ్రాయవలెను. మూడవది: ఇద్దరు ముగ్గురు యువకులకు పగటివేళ ఒకసారి చేసి చూపవలెను. ఎండలో నిలిపిన కారులో పెట్టెను వదలరాదు. అది ఉబ్బినచో ఇక వాడరాదు.

జంప్ స్టార్టరు ఆపద్ధర్మమే గాని బ్యాటరీకి మందు కాదు. మాటిమాటికి దాని అవసరము కలుగుచున్నచో బండిని మెకానికుకు చూపి బ్యాటరీని మార్పింపవలెను. పాత బ్యాటరీలోని సీసము విషము. దానిని ఊరి చెరువుగట్టున పగులగొట్టనీయక, 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ననుసరించి, తిరిగి సేకరించు అమ్మకందారునకు అప్పగింపవలెను.

రాబోవు సమావేశముననే సభ్యులు ఒక ప్రశ్న వేసికొందురు గాక: ఈ రాత్రి మన ఊరిలో ఒకరిని ఆసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినచో, ఏ బండి సిద్ధముగా నున్నది? అది కదలనిచో ఎవరి తలుపు తట్టవలెను? ఈ రెండింటికి జవాబు ఊరివారందరికి తెలిసిననాడు పంచాయతీ తన బాధ్యతలో ఒక ముఖ్యభాగమును నెరవేర్చినదే యగును.