రైలు బావి నీరు – రైతు బోరు నీరు

గుంటూరు–గుంతకల్లు మీటరు గేజి మార్గంలో ఆవిరి ఇంజన్లు నడిచిన రోజులలో బొగ్గును ఎంత దూరం నుంచైనా తెప్పించుకునే వీలుండేది; నీరు మాత్రం దారిలోనే దొరకాలి. గుండ్లకమ్మ వేసవిలో ఎండుతుంది. అటువంటి మెట్ట ప్రాంతంలో ఇంజన్లకు నీరు పట్టే స్టేషనుకు సొంత బావి అవసరం.

బావికి ఊట ఉన్నంత మాత్రాన చాలదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాయిలరు లోపల గట్టి పొరగా పేరుకొని వేడిని అడ్డగిస్తాయి. ఈ పొర మన రైతులకు కొత్తది కాదు. డ్రిప్పర్ల రంధ్రాలను పూడ్చే తెల్లని సున్నపు పొర దాదాపు ఇటువంటిదే.

అయితే పొర కట్టని నీరు చేనుకు మంచిదని భావించరాదు. సోడియం బైకార్బనేటు అధికంగా, కాల్షియం స్వల్పంగా ఉన్న నీరు బాయిలరులో పొర కట్టదు, నురుగు లేపుతుంది. అదే నీటిని నల్లరేగడికి పారిస్తే సోడియం బంకమట్టి రేణువులను విడదీసి, నేలలో నీరు ఇంకకుండా చేస్తుంది. అవశేష సోడియం కార్బనేటు లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు మించితే ఆ నీరు సాగుకు తగదు.

ఉప్పు విషయంలో పైరుకూ పైరుకూ భేదం చాలా ఉంది. మట్టి సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 7.7 డెసీసైమన్ల వరకు పత్తి దిగుబడి తగ్గదు. మిరపకు ఆ హద్దు 1.5 మాత్రమే. పత్తి చక్కగా పండిన బోరు కిందనే మిరప దెబ్బతినడానికి ఇదొక కారణం. కావున పత్తి నుంచి మిరపకు మారదలచిన రైతు నారు పోయకముందే, వేసవిలో, మోటారు కొంతసేపు నడిపిన తరువాత శుభ్రమైన సీసాలో నీరు పట్టి పరీక్షకు పంపవలెను.