మాంసం లేని ‘స్లాపీ జో’ – మసూర పప్పుతో షడ్రసాల శాండ్‌విచ్

ఆహారమే తొలి ఔషధమని మన పూర్వులు విశ్వసించారు. అయితే ఒక పదార్థం పథ్యమా, అపథ్యమా అని విచారించేటప్పుడు వారు దాని పేరునూ, పుట్టిన చోటునూ మాత్రమే చూసి తీర్పు చెప్పలేదు. చరక సంహితలోని విమానస్థానం మొదటి అధ్యాయం ఆహార విషయంలో గమనించవలసిన అంశాలను ఎనిమిదిగా పేర్కొంటున్నది. అవి ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగ సంస్థ, ఉపయోక్త. అనగా పదార్థపు సహజ గుణం, దానికి మనం చేసే సంస్కారం, ఇతర పదార్థాలతో కలయిక, పరిమాణం, ప్రదేశం, సమయం, భోజన నియమాలు, తినే వ్యక్తి శరీర తత్త్వం. ఈ ఎనిమిదింటినీ దృష్టిలో ఉంచుకొని వండితే పరదేశపు వంటకాన్ని సైతం మన ఇంటికి అనుకూలంగా మార్చుకోవచ్చును. ఇందుకు ఉదాహరణగా అమెరికాలో పిల్లలు మిక్కిలి ఇష్టపడే ‘స్లాపీ జో’ అనే శాండ్‌విచ్‌ను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఏమిటీ స్లాపీ జో?

గొడ్డు మాంసపు ఖీమాను ఉల్లిపాయలతో వేయించి, టమాటా సాస్, కొంచెం తీపి, కొంచెం పులుపు, మసాలా కలిపి, చిక్కని ముద్దకూర వలె ఉడికించి, గుండ్రని బన్ను మధ్యన పెట్టి తినడమే స్లాపీ జో. తినేటప్పుడు పక్కల నుంచి కూర జారి చేతుల మీద పడుతుంది. ‘స్లాపీ’ అంటే అలా చిందరవందరగా ఉండేది అని అర్థం. దీని పుట్టుకకు ఒకటి కంటే ఎక్కువ కథలు ఉన్నాయి. 1930 ప్రాంతంలో అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో జో అనే వంటవాడు పొడి ఖీమా శాండ్‌విచ్‌కు టమాటా సాస్ చేర్చాడనేది ఎక్కువగా వినిపించే కథ. హవానాలోనూ, ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లోనూ ఉన్న ‘స్లాపీ జోస్’ అనే మద్యశాలల నుంచి ఆ పేరు వచ్చిందనేది మరొక కథ. 1969లో హంట్స్ సంస్థ ‘మాన్‌విచ్’ అనే డబ్బా సాస్‌ను విడుదల చేయడంతో ఈ వంటకం మరింతగా ఇల్లిల్లూ చేరింది. బడి భోజనశాలలలో అది సుపరిచితమైన వంటకం. న్యూజెర్సీ ఉత్తర ప్రాంతంలో మాత్రం ఇదే పేరుతో మూడు రొట్టె ముక్కల మధ్య మాంసం, క్యాబేజీ పచ్చడి పెట్టిన వేరొక శాండ్‌విచ్‌ను అమ్ముతారు. అక్కడ ఉండే మనవారు పేరు చూసి పొరబడరాదు.

మన దేశంలో దీనికి దగ్గరి బంధువు ముంబాయి పావ్ భాజీ. రెండింటిలోనూ టమాటాతో ఉడికిన ముద్దకూర, మెత్తని రొట్టె ఉన్నాయి. కాబట్టి మాంసాన్ని తీసివేస్తే ఈ వంటకానికి ప్రాణం పోతుందని భావించనక్కరలేదు.

ఒక కుటుంబంలో వచ్చిన చిక్కు

మా చెల్లెలి కుటుంబం అయోవాలో నివసిస్తున్నది. తరతరాలుగా శాకాహారులు. ఆమె కుమారునికి పదేళ్ల వయసు వచ్చినప్పుడు పరీక్షలో రక్తహీనత ఉన్నట్లు తేలింది. వైద్యుడు ఇనుము మాత్రలు వ్రాసి, ఇనుము అధికంగా ఉండే ఆహారం పెట్టమని సలహా ఇచ్చాడు. బిడ్డ మధ్యాహ్నం పూట సరిగా తినడం లేదని అప్పుడే బయటపడింది. డబ్బాలో పెట్టిన పెరుగన్నం సగం తిరిగి వచ్చేది. తోటి పిల్లలు శాండ్‌విచ్ తింటుంటే తాను చెంచాతో అన్నం తినడం వానికి నామోషీగా ఉండేది. “మాంసం మొదలు పెడితే గొడవ వదులుతుంది కదా” అని తెలిసినవారు సలహాలు చెప్పారు. మా బావగారు దానికి సుముఖులే, చెల్లెలు ససేమిరా అన్నది. ఇద్దరికీ బిడ్డ ఆరోగ్యమే ముఖ్యం. అయినా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆ సమయంలో నేను రెండు నెలలు వారి ఇంట ఉన్నాను. “ఏం తినాలని ఉందిరా?” అని మేనల్లుణ్ణి అడిగితే, “స్లాపీ జో పెద్దమ్మా, కానీ మనం తినకూడదుగా” అన్నాడు. తినకూడనిది ఆ రూపం కాదు, అందులోని మాంసం. ఆ మాట మీదనే మా ప్రయత్నం మొదలైంది.

ఏ పప్పు తగినది?

పప్పుధాన్యాలన్నిటిలో పెసలు అత్యంత పథ్యమని చరకుడు పేర్కొన్నాడు. కానీ పెసరపప్పు త్వరగా కరగి గుజ్జు అవుతుంది. ఖీమా వలె పలుకు రాదు. మీల్ మేకర్ రవ్వ రూపంలో మాంసాన్ని బాగా పోలి ఉంటుంది గాని, జీర్ణశక్తి తక్కువైనవారికి బరువు చేస్తుంది. మేము ఎన్నుకున్నది తొక్క తీయని మసూర ధాన్యం. దీని పప్పునే మనం మైసూరు పప్పు, ఎర్ర కందిపప్పు అని పిలుస్తాము. అమెరికా దుకాణాలలో గోధుమరంగు ‘లెంటిల్స్’ అని దొరికేవి ఇదే జాతి. తొక్క ఉండడం వల్ల గింజ చితికినా పలుకు నిలుస్తుంది.

భావప్రకాశం ప్రకారం మసూరం విపాకంలో మధురం, లఘువు, శీతలం, కఫ పిత్తాలను శమింపజేసేది. అయితే రూక్షం, వాతకరం, మలాన్ని బంధించే గుణం కలది. ఈ దోషాలకు విరుగుడు సంస్కారంలో ఉన్నది. నానబెట్టడం, నూనె చేర్చడం, ఇంగువ, జీలకర్ర, అల్లం, వెల్లుల్లి కలపడం వల్ల వాతకర గుణం తగ్గుతుంది. నానబెట్టిన నీటిని పారబోస్తే కడుపు ఉబ్బరాన్ని కలిగించే చక్కెరలు కొంతవరకు పోతాయని ఆధునిక శాస్త్రం కూడా చెబుతున్నది.

పోషకాల దృష్టితో చూస్తే 100 గ్రాముల మసూరంలో మాంసకృత్తులు 22 నుంచి 24 గ్రాములు, ఇనుము సుమారు 7 మిల్లీగ్రాములు ఉంటాయి. పప్పులోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులభంగా ఒంటికి పట్టదు. అయితే సి విటమిన్ తోడైతే బాగా పడుతుంది. టమాటా, బెంగుళూరు మిరప ఆ పని చేస్తాయి. పప్పులో తక్కువైన మిథియోనిన్‌ను గోధుమ, గోధుమలో తక్కువైన లైసిన్‌ను పప్పు భర్తీ చేస్తాయి. ఇదే సంయోగ మహిమ.

సీసాలో దాగిన చేప

శాకాహారులు ఇక్కడ ఒక హెచ్చరికను గమనించాలి. స్లాపీ జోలో రుచి కోసం వూస్టర్ సాస్ వేస్తారు. ఇంగ్లండులో లీ అండ్ పెరిన్స్ సంస్థ తయారుచేసే ప్రసిద్ధమైన ఈ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. మాంసం మానినా సాస్ ద్వారా చేప కడుపులోకి పోయే ప్రమాదం ఉన్నది. ఆశ్చర్యమేమంటే అదే సాస్‌లో పులుపునిచ్చే వాటిలో మన చింతపండు కూడా ఒకటి! కనుక సీసా అవసరం లేకుండానే చింతపండు, బెల్లం, వెల్లుల్లి, మిరియాలతో ఆ రుచిని చాలా వరకు రప్పించవచ్చును. కొన్ని బన్నులలో గుడ్డు కలుపుతారు. కొనేముందు చీటీ చదవాలి. ఇక ఒక టేబుల్ చెంచా కెచప్‌లో సుమారు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. కెచప్‌కు బదులు పండిన టమాటాలే మేలు.

కావలసిన పదార్థాలు (ఆరుగురికి)

తొక్కతో ఉన్న మసూరం – 1 కప్పు (200 గ్రాములు)
పండిన టమాటాలు – అర కిలో
ఉల్లిపాయ – పెద్దది 1
బెంగుళూరు మిరప – 1
వెల్లుల్లి రెబ్బలు – 4
అల్లం – అంగుళం ముక్క
మెంతికూర – గుప్పెడు
చింతపండు – చిన్న ఉసిరికాయంత
బెల్లం తురుము – 2 చిన్న చెంచాలు
కారం – 1 చిన్న చెంచా
ఆవపొడి, జీలకర్ర పొడి – అర చెంచా చొప్పున
మిరియాల పొడి – పావు చెంచా
ఇంగువ – చిటికెడు
వేయించిన వేరుశనగపప్పు, కచ్చాపచ్చాగా దంచినది – 2 టేబుల్ చెంచాలు
నువ్వుల నూనె – ఒకటిన్నర టేబుల్ చెంచా
ఉప్పు – ముప్పావు చిన్న చెంచా
గోధుమపిండి బన్నులు – 6

తయారు చేయు విధానం

మసూరాన్ని కడిగి రెండు గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోయండి. మూడు కప్పుల మంచినీటిలో, మూత ఓరగా పెట్టి, సన్నని సెగ మీద ఇరవై నిమిషాల వరకు ఉడికించండి. గింజను వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి, కాని ఆకారం చెడరాదు. కుక్కరులో పెడితే గుజ్జయ్యే అవకాశం ఎక్కువ. ఈ దశలో టమాటా గాని, చింతపండు గాని చేర్చవద్దు. పులుపు తగిలితే గింజ త్వరగా మెత్తబడదు. ఉడికిన నీటిని వార్చి, ప్రక్కన ఉంచుకోండి.

ఇనుప మూకుడులో నూనె కాచి, ఇంగువ, సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి, బంగారు రంగు వచ్చేదాకా ఓపికగా వేయించండి. మాంసం లేని కూరకు నిండుదనం ఇక్కడే వస్తుంది. తరువాత అల్లం, వెల్లుల్లి, బెంగుళూరు మిరప ముక్కలు, మెంతికూర వేసి మగ్గనివ్వండి. కారం, ఆవపొడి, జీలకర్ర, మిరియాల పొడులు వేసి ఒకసారి కలిపి, వెంటనే టమాటా గుజ్జు పోయండి. నూనె పక్కలకు తేలే వరకు ఉడికించి, చింతపండు పులుసు, బెల్లం, ఉప్పు చేర్చండి.

ఇప్పుడు మసూరం వేసి, గరిటె వెనుక భాగంతో సగం గింజలను మాత్రమే చిదపండి. చితికినవి కూరకు చిక్కదనాన్ని, చితకనివి ఖీమా పలుకును ఇస్తాయి. వార్చిన నీటిని కొద్దికొద్దిగా పోస్తూ పది నిమిషాలు ఉడికించి, వేరుశనగ పలుకులు కలిపి దించండి. గరిటెతో తీస్తే జారిపోక, మెల్లగా క్రిందికి దిగేటట్లు ఉండాలి. పుల్లని కూరను ఇనుప మూకుడులోనే నిలువ ఉంచక వెంటనే వేరే పాత్రలోకి మార్చండి. ఇనుప పాత్రలో వండినందువల్ల కూరలో ఇనుము కొంత పెరుగుతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు ఈ వంటకు పనికిరావు.

బన్నును అడ్డంగా కోసి, లోపలి వైపు పెనం మీద దోరగా కాల్చి, వేడి కూర పెట్టి వెంటనే తినండి. బడికి పంపేటట్లయితే కూరను వేడి నిలిపే ఫ్లాస్కులోనూ, బన్నును విడిగానూ పెట్టాలి. లేకుంటే రొట్టె నాని ముద్దవుతుంది.

ఆరు రుచుల పొందిక

మూల వంటకంలో తీపి, పులుపు, ఉప్పు, కారం ప్రధానం. చేదు, వగరు లోపించాయి. మన పద్ధతిలో మెంతికూర చేదును, మసూరం వగరును ఇస్తాయి. ఈ విధంగా షడ్రసాలు సమకూరుతాయి. పులుపు తప్ప తక్కిన అయిదు రుచులూ కలిగినందుననే వెల్లుల్లికి సంస్కృతంలో ‘రసోనం’ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఆ లోటును చింతపండు తీరుస్తుంది. తీపి కోసం కొందరు తేనె వాడతారు. తేనెను వేడి చేయడాన్ని ఆయుర్వేదం నిషేధించింది గనుక బెల్లమే శ్రేయస్కరం.

పథ్య నియమాలు

ఒక్కొక్కరికి మసూరం నుంచే 7 లేక 8 గ్రాముల మాంసకృత్తులు, రెండు మిల్లీగ్రాములకు పైగా ఇనుము లభిస్తాయి. ఉప్పు గ్రాము లోపే పడుతుంది. అయితే బన్నులోనూ ఉప్పు ఉంటుందని మరువరాదు. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

దీనితో పాలు గాని, మిల్క్ షేక్ గాని ఇవ్వరాదు. పాలు, పులుపు కలయికను ఆయుర్వేదం విరుద్ధాహారంగా చెప్పింది. భోజనానంతరం జీలకర్ర వేసిన పలుచని మజ్జిగ మంచిది. టీ, కాఫీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు గనుక గంటసేపు ఆగాలి. ఆమ్లపిత్తం ఉన్నవారు చింతపండు, కారం మాని, టమాటా సగానికి తగ్గించుకోవాలి. వాత ప్రకృతి వారు, మలబద్ధకం ఉన్నవారు ఒక చెంచా నెయ్యి చేర్చుకొని మితంగా తినాలి. మధుమేహం గలవారు మైదా బన్నుకు బదులు జొన్నరొట్టెతోనో, పుల్కాతోనో తినవచ్చును. బెల్లం వద్దు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగాలి. వేరుశనగ పడనివారు దానిని విడిచిపెట్టాలి. రాత్రి పొద్దుపోయాక ఈ వంటకం తగదు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. రక్తహీనతకు ఈ శాండ్‌విచ్ మందు కాదు. మా మేనల్లుడు మాత్రలు మానలేదు. మాత్రలతో పాటు మధ్యాహ్న భోజనం కడుపునిండా చేయడం మొదలుపెట్టాడు. వారానికి రెండు రోజులు ఇది, మిగిలిన రోజులలో రాజ్మా, శనగలు, ఆకుకూరలు. కొన్ని నెలల తరువాత చేసిన పరీక్షలో ఫలితం మెరుగుపడింది. అందులో మాత్రలకు ఎంత భాగమో, ఆహారానికి ఎంత భాగమో విడదీసి చెప్పలేము. మాంసం విషయమై చర్చ మాత్రం ఆ ఇంట మళ్లీ రాలేదు. పప్పులలో బి12 విటమిన్ ఉండదు గనుక శాకాహార గృహాలలో పాలు, పెరుగు తప్పక వాడుతూ, అవసరమైతే వైద్యుని సలహా తీసుకోవాలి.

పిల్లలు కోరే ప్రతి కొత్త వంటకాన్నీ “మనది కాదు” అని త్రోసిపుచ్చితే వారు ఇంటి వంటకే దూరమవుతారు. పరిశీలించకుండా అంగీకరిస్తే ఆరోగ్యానికి దూరమవుతారు. చరకుడు చెప్పిన ఎనిమిది అంశాలను ఒక్కసారి మనసులో తలచుకొని, తీసివేయవలసినది తీసివేసి, చేర్చవలసినది చేర్చి వండి పెట్టడమే గృహిణి వివేకం. ఈ వంటకాన్ని మొదటిసారి సెలవు రోజు పగటిపూట, ఒక్కొక్కరికి ఒక్క బన్ను చొప్పున చేసి చూడండి. అరుగుదల ఎలా ఉన్నదో గమనించి, మీ ఇంటిల్లిపాదికి తగినట్లు పులుపు, కారాలను సవరించుకోండి.