చేదు మరిగిన నాలుక

షడ్రుచులలో చేదునకు దక్కిన స్థానము విచిత్రమైనది. తీపిని పసిబిడ్డకు ఎవరును నేర్పనక్కరలేదు. ఉప్పును, పులుపును నాలుక త్వరలోనే తనంత తాను అంగీకరించును. చేదు అట్టిది కాదు. నాలుకపై అది పడినంతనే బిడ్డ ముఖము ముడుచును, నోటిలోనిది ఉమియును. విషపుటాకులలో, విషపుగింజలలో పెక్కు చేదుగా నుండును గనుక ప్రకృతి ఈ ఏర్పాటు చేసినది. చేదును పసిగట్టుటకే మన నాలుకపై సుమారు 25 జాతుల గ్రాహకములు కలవని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఒక్క శత్రువునకై ఇందరు కావలివారు! అయినను మనుష్యుడు కాకరకాయ తినును. ఉగాదినాడు వేపపూత నోట వేసికొనును. కొందరు చక్కెర లేని కాఫీని ఇష్టముగా త్రాగుదురు. కావలివారిని మంచి చేసికొని శత్రువును లోనికి పిలుచుకొనుట మనుష్యజాతికి అలవాటు.

ఇట్టి అలవాట్లలో హాప్స్ చేదు మిక్కుటముగా గల బీరును మరగుట ఒకటి. ఆ జాతి పానీయములలో ప్రసిద్ధమైన దానికి 'ఇండియా పేల్ ఏల్' అని పేరు. పేరులో మన దేశమున్నది. రుచి మాత్రము మనవారికి క్రొత్త. మన దేశమున అమ్ముడుపోవు బీరులో అధికభాగము చేదు తక్కువగా, చల్లదనము ఎక్కువగా ఉండునదే. అందుచేత అమెరికాకో, ఇంగ్లండునకో వెళ్లిన తెలుగు యువకునకు అచ్చటి మిత్రులు మొదటి గ్లాసు ఇచ్చినపుడు వాడు విస్తుపోవుట సహజము.

ఇంతకును ఆ చేదు ఎక్కడిది? హాప్స్ అనునది ఒక తీగ. వృక్షశాస్త్రమున గంజాయి కుటుంబమునకు చెందినదే గాని, గంజాయి మత్తు దీనిలో లేదు. ఆడ తీగలకు, మగ తీగలకు భేదము కలదు. పనికివచ్చునవి ఆడ తీగల పూగుత్తులే. పలుచని లేత ఆకుపచ్చ రేకులు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. ఆ రేకుల మొదట పసుపు వన్నె గల జిగట పొడి యుండును. చేదు, పరిమళము రెండును ఆ పొడిలోనివే. వేసవిలో పగలు మిక్కిలి దీర్ఘముగా ఉండు సీమలు ఈ తీగకు కావలెను. మన దేశమున హిమాచల ప్రదేశములోని లాహుల్ లోయలో దీనిని పండించిరి గాని, గోదావరి తీరమున పండునది కాదు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడి నీటిలో నానబెట్టి తీసిన తీయని రసమున ఈ పూతను వేసి మరిగింతురు. పూతలోని ఆమ్లములు నీటిలో సులభముగా కరగవు. గంటసేపు మరిగినపుడు వాని నిర్మాణము మారి, కరగి, చేదు దిగును. అయితే పరిమళతైలములు ఆ గంటలో ఆవిరియై పోవును. కాబట్టి చేదునకై మొదట కొంత పూత, వాసనకై చివర మరికొంత పూత వేయుదురు. కొందరు రసము చల్లారి పులిసిన పిమ్మట గూడ వేయుదురు. చారు దింపబోవునపుడు కొత్తిమీర వేయు మన ఇల్లాండ్రకు ఈ మర్మము వివరించి చెప్పనక్కరలేదు.

హాప్స్‌ను మొదట ఆదరించినది రుచికొరకు మాత్రమే కాదు. అది పానీయమును చెడనీయదు. 12వ శతాబ్దమున జర్మనీలోని క్రైస్తవ సన్యాసిని హిల్డెగార్డ్ ఈ మొక్కను గూర్చి వ్రాయుచు, ఇది మనుష్యునకు విషాదము కలిగించునని ఆక్షేపించి, పానీయములను నిలువ ఉంచునని ఒప్పుకొన్నది. పానీయమును పులిపించి పాడుచేయు సూక్ష్మజీవులలో పెక్కింటిని ఈ చేదు అణచునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. 1516లో బవేరియా ప్రభువులు బీరునందు బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదియు ఉండరాదని శాసించిరి. ఇంగ్లండునకు హాప్స్ వచ్చినది 15వ శతాబ్దమున, సముద్రమునకు ఆవలి ఫ్లాండర్స్ ప్రాంతముల నుండి. నేడు ఏ చేదును చూచి ఆంగ్లేయుడు గర్వించుచున్నాడో, ఆ చేదు వాని తాతలకు పరదేశపు వస్తువు!

ఇక మన దేశపు పేరు ఎట్లు వచ్చినది? తూర్పు ఇండియా కంపెనీ ఓడలు లండను తూర్పు భాగమున లంగరు వేయు రేవునకు చేరువనే హాడ్జ్‌సన్ అనువాని బో బ్రూవరీ ఉండెను. ఓడల అధికారులకు అతడు నెలల తరబడి అరువు ఇచ్చెను. వారు పీపాలను కలకత్తా, మద్రాసు, బొంబాయిలకు తెచ్చి లాభమునకు అమ్ముకొనిరి. గుడ్ హోప్ అగ్రమును చుట్టి, భూమధ్యరేఖను రెండుమార్లు దాటి, నాలుగు నుండి ఆరు మాసములు సాగు ప్రయాణమది. ఆ వేడిలో బీరు చెడక, పైపెచ్చు పదును దేరెను. భారతదేశము కొరకే ఈ బీరును కనిపెట్టిరను కథ ప్రచారములో నున్నది గాని, చరిత్రకారులు దానిని అంగీకరింపరు. అట్టి గట్టి బీరు ఇంగ్లండున అంతకు ముందే యున్నది. సాధారణ సైనికులు త్రాగినది నల్లని పోర్టరు. ఈ లేతవన్నె బీరు దొరల బల్లలపైకి పోయినది. సురేకారము కలిపిన నీటిలో సీసాలను త్రిప్పి చల్లబరచుటకై దొరల ఇండ్లలో ప్రత్యేకముగా ఆబ్దారులను నౌకరులుండిరి. ఆ సీసాలను చల్లబరచిన చేతులు మనవి. త్రాగిన నోళ్లు వేరు.

1820 తరువాత బర్టన్ పట్టణమున ఆల్‌సాప్ అను వర్తకుడు రంగమున ప్రవేశించెను. రష్యా సుంకములు పెంచగా అతని వ్యాపారము కుంటుపడియుండెను. కంపెనీ డైరెక్టరు ఒకడు హాడ్జ్‌సన్ బీరు సీసాను చూపి ఇట్టిది చేయగలవా అనెనట. ఆల్‌సాప్ పనివాడు టీ కెటిలులో మొదటి నమూనా కాచెనట. కథ సంగతి ఎట్లున్నను, బర్టన్ నీటిలో జిప్సము ఎక్కువ. ఆ నీటితో కాచిన బీరునందు చేదు మొనదేలి, శుభ్రముగా, పొడిగా ఉండును. హాడ్జ్‌సన్‌ను బర్టన్ ఓడించుటకు ఆ ఊరి నుయ్యి గూడ ఒక కారణము.

ఒక శతాబ్దము గడచునప్పటికి ఇంగ్లండుననే ఈ బీరు బలము తగ్గినది. దానికి రెండవ జన్మ అమెరికాలో కలిగినది. 1920 నుండి 1933 వరకు సాగిన మద్యనిషేధము అచ్చటి చిన్న తయారీశాలలను తుడిచివేసెను. మిగిలిన పెద్ద సంస్థలు చేదు లేని బీరును దేశమంతట నింపెను. 1972లో ఆరెగాన్ రాష్ట్రమున కాస్కేడ్ అను క్రొత్త హాప్స్ వంగడము విడుదలయ్యెను. 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఆంకర్ బ్రూవరీ లిబర్టీ ఏల్‌ను, 1980లో చీకో పట్టణమున సియెర్రా నెవాడా సంస్థ పేల్ ఏల్‌ను ఆ హాప్స్‌తో తయారుచేసిరి. నేటి చేదు బీరుల వంశవృక్షము ఇచ్చట మొదలైనదని చెప్పవచ్చును.

సియాటిల్ నగరమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లునకు తోడి ఉద్యోగులు మొదటిసారి ఇచ్చినది ఎనిమిది శాతము బలముగల రెట్టింపు చేదు బీరు. "కుంకుడుకాయ నీళ్లు తాగినట్టుంది మామయ్యా! ఇది వీళ్లకెలా ఇష్టమో అర్థం కాలేదు" అని అతడు ఫోనులో చెప్పెను. పెక్కురు ఇచ్చటనే ఆగిపోవుదురు. ఈతకు క్రొత్తవానిని గోదావరి వరదలో దింపినట్టి పని అది. అతని అదృష్టమున ఒక వృద్ధ సహోద్యోగి కల్పించుకొని, మొదట చెక్ దేశపు పిల్స్‌నర్ బీరు చిన్న గ్లాసుతో ఇప్పించి, ప్రక్కన ఉప్పు వేరుసెనగలు పెట్టించి, మూడవ గ్రుక్క వరకు ఏమియు అనవద్దనెనట.

ఆ వృద్ధుని పద్ధతిలో శాస్త్రము కలదు. 1842లో జోసెఫ్ గ్రోల్ ప్లెజెన్ నగరమున తయారుచేసిన ఆ జాతి బీరు మృదువైన నీటితో, జాటెస్ ప్రాంతపు సున్నితమైన హాప్స్‌తో చేసినది. చేదు చాలినంత ఉన్నను బార్లీ తీపి దానిని మోయును. ఉప్పులోని సోడియము నాలుకపై చేదును అణచునని 1997లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. (కాకరముక్కలకు ఉప్పు రాచి పిండుట వేరు, అందు ఉప్పు చేదు రసమును బయటికి లాగును.) మూడవ గ్రుక్క మాటయు అట్టిదే. మొదటి గ్రుక్క అంతయు అదరుపాటే. కావలివారి కేకలు తగ్గిన పిమ్మట గాని ముక్కు తన పని తాను చేయజాలదు.

నిజమునకు ఈ విద్యలో సగము ముక్కుదే. నెలలు గడచిన పిమ్మట మేనల్లుడు ఒకనాడు, "ఇందులో పంపరపనస తొక్క గిల్లినప్పటి వాసన ఉంది మామయ్యా" అనెను. చేదు అంతకు ముందెంత యున్నదో అంతే యున్నది. అయితే అది ఇప్పుడు ఒక వాసనకు తోడుగా వచ్చినది. మంచు ముక్కవలె చల్లబరచినచో ఆ వాసన మూగబోవును. ఏడు నుండి పది డిగ్రీల చల్లదనము దీనికి చాలును. ఎండ తగిలిన పచ్చ సీసాలో హాప్స్ పదార్థము వికటించి ఒక దుర్గంధము పుట్టించును. క్రొత్తవాడు అదియే హాప్స్ రుచి యని భ్రమించుట కద్దు. చేదుకును వగరుకును భేదము గుర్తింపవలెను. నోరు పిడుచకట్టించునది వగరు. మంచి బీరునందు అది మితిమీరరాదు. ఇక మన ఆవకాయ అన్నముతో దీనిని జతచేయుట నాకు సమ్మతము కాదు. మద్యము కారపు మంటను పెంచును, రెండు రుచులును చెడును.

గడచిన సంవత్సరము సెప్టెంబరులో యాకిమా లోయను చూచితిని. అమెరికా హాప్స్ పంటలో సుమారు మూడు వంతులు వాషింగ్టన్ రాష్ట్రములోని ఈ లోయనుండి వచ్చును. పదునెనిమిది అడుగుల స్తంభములు, పైన తీగెలు, వానినుండి వ్రేలాడు త్రాళ్లు, త్రాళ్లను పెనవేసికొని ప్రాకిన హాప్స్. దూరమునుండి చూడగా తమలపాకు తోటయే జ్ఞప్తికి వచ్చినది. కోతకాలము. నరికిన తీగలను బండ్లపై తెచ్చి, పూత దూసి, వెచ్చని గాలిలో ఆరబెట్టుచున్నారు. ఒక పూగుత్తిని అరచేతుల నడుమ నలిపితిని. నారింజ, దేవదారు జిగురు, కోసిన పచ్చగడ్డి, అన్నియు కలసిన వాసన. చేతులకు పసుపు జిగట అంటి సాయంకాలము వరకు వదలలేదు.

చేదును ఇష్టపడుట వట్టి నటన యని కొందరందురు. నటన లేకపోలేదు. 2000 తరువాత కొంతకాలము అమెరికా తయారీదారులు చేదు అంకెను సీసాపై ముద్రించి పోటీపడిరి. వంద దాటితిమనుట ఒక ఘనత. ఒక స్థాయి దాటిన పిమ్మట నాలుక ఆ భేదమును గ్రహింపజాలదు, అంకె మాత్రము పెరుగును. అట్టి పందెములో గెలుచుటకు త్రాగువాడు రుచిని ఎరుగడు. ఏడెనిమిది శాతము మద్యముగల ఈ పానీయమున ఒక చిన్న గ్లాసు నిదానముగా త్రాగువానికే రుచి దక్కును. మూడవ గ్లాసువానికి చేదును తెలియదు, తీపియు తెలియదు. కాని పరిచయముచేత ఇష్టము పుట్టుట నటన కాదు. పలుమార్లు చూచినదానిపై మక్కువ పెరుగునని 1968లో జయాంక్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ప్రయోగపూర్వకముగా చూపెను. మొదటి కాఫీ ఎవనికి తీయగా నుండెను?

చిత్రమేమన, నేర్చినవారి సంఖ్య పెరిగిన ఈ కాలముననే చేదు తగ్గుచున్నది. నేడు అమెరికాలో ఆదరము పొందుచున్న మబ్బువన్నె బీరులు పండ్లరసమువలె మెత్తగా, తీయగా నుండును; అందు హాప్స్ వాసన పుష్కలము, చేదు స్వల్పము. లిబర్టీ ఏల్ కాచిన ఆంకర్ బ్రూవరీ 2023లో మూతపడినది. అదే సంవత్సరము జాటెస్ హాప్స్ తోటలున్న ప్రాంతమును యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. మా మేనల్లుడు ఇప్పుడు దుకాణమున పాతకాలపు చేదు పేల్ ఏల్‌ను వెదకి కొనుచున్నాడు. ఆ సీసాలు క్రింది అరలోనికి దిగినవట.